ఆ క్రాపు ఎవరిది?

మా అక్క కూతురు విశాఖపట్నంలో ఇంజనీరింగ్ చదువుతోంది. నిన్నమొన్నటి దాకా నడుం దాటిన జడ ఉండేది. పోయిన వేసవి సెలవుల్లో ఒకరోజు ఫోన్‌లో ఏదో ఫోటో తెరిచి పట్టుకుని, తోడు రమ్మంటూ నన్ను సెలూన్‌కి లాక్కెళ్ళింది. ఫోటోలో ఉన్నది అమ్మాయో అబ్బాయో నేను పోల్చుకోలేకపోయాను. అడిగితే, "అదే కదా పిన్నీ కావాల్సింది!" అంది.

సెలూన్‌లో కుర్రాడు ఫోటోని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మేడమ్, బాయ్ కట్టా? బాబ్ కట్టా?"

"రెండూ కాదు. మధ్యలో ఉండాలి."

"మధ్యలో అంటే?"

దానికి మా పిల్ల దగ్గరా జవాబు లేదు, నా దగ్గరా లేదు. అరగంట తర్వాత అద్దంలో చూస్తే, బడి ఫోటో కోసం తయారు చేసిన ఏడో తరగతి కుర్రాడు కనిపించాడు. దారి పొడవునా పిల్ల కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. మర్నాడు పొద్దున్నే, మా ఆయనకి ఇరవై ఏళ్ళుగా క్రాపు చేస్తున్న మా వీధి చివరి పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని తల చుట్టూ ఒకసారి చూశాడు. "జుట్టు బాగానే తీశాడమ్మా. గీతలే గట్టిగా పెట్టాడు" అన్నాడు.

చెవుల ముందు రేజరుతో అడ్డంగా కోసిన అంచును కత్తెర కొసతో చెదరగొట్టాడు. మెడ వెనక స్కేలు పెట్టి గీసినట్టున్న గీతను దువ్వెన మీద కత్తెర ఆడిస్తూ కలిపేశాడు. పైన జుట్టును ముందుకు దువ్వి, నుదుటి మీద అక్కడక్కడా పలచబరిచాడు. పది నిమిషాల పని. కింద పడిన జుట్టంతా ఊడిస్తే చిటికెడు కూడా లేదు. అద్దంలో మాత్రం ఫోటోలోని మనిషి ప్రత్యక్షమైంది. ఆ చిటికెడు జుట్టులో ఏముందో తెలుసుకోవాలనే ఈ వ్యాసం.

కుదురుకి తెలియని తేడా

ముందు వెంట్రుక సంగతి. తల మీద దాదాపు లక్ష వెంట్రుకలుంటాయి. ఒక్కొక్కటీ చర్మంలోని ఒక కుదురులోంచి పుడుతుంది. రోజుకి సుమారు 0.35 మిల్లీమీటర్ల చొప్పున, అంటే నెలకి ఒక సెంటీమీటరు పైచిలుకు పెరుగుతుంది. ఈ పెరిగే దశ రెండు నుంచి ఆరేళ్ళు నడుస్తుంది. ఆ తర్వాత రెండు మూడు వారాలు కుదురు ముడుచుకుంటుంది. మరో మూడు నెలలు విశ్రాంతి తీసుకున్నాక పాత వెంట్రుక రాలి కొత్తది మొదలవుతుంది. తలస్నానం చేసినప్పుడు రాలే జుట్టులో చాలా వరకు ఇలా పదవీ విరమణ చేసిన వెంట్రుకలే. రోజుకి యాభై నుంచి వంద దాకా రాలడం మామూలే.

ఈ లెక్కలో ఆడా మగా భేదం పెద్దగా లేదు. మగవాడి తల మీది కుదురు కూడా వదిలేస్తే నడుం దాకా పెంచగలదు. తలపాగా విప్పిన సిక్కు సోదరుణ్ణి చూసినవాళ్ళకి వేరే రుజువు అక్కర్లేదు. మన తాతముత్తాతల సంగతే చూడండి. నుదుటి పైభాగం గొరిగించుకుని, వెనక జుట్టు పెంచి ముడి వేసుకున్నారు. షోకైన వాళ్ళు గిరజాలు పెంచి నూనె రాసుకున్నారు. పొడుగు జుట్టు ఆడవాళ్ళ సొత్తు అన్న మాట మన ఊళ్ళలో అంత పాతదేమీ కాదు.

అయితే యుక్తవయసులో హార్మోన్లు ఒక పని చేస్తాయి. ఆండ్రోజెన్లు గడ్డం కుదుళ్ళను లావు చేస్తాయి. అవే హార్మోన్లు, వంశంలో ఆ లక్షణం ఉన్నవాళ్ళలో, నుదుటి మీది, నడినెత్తి మీది కుదుళ్ళను క్రమంగా కుదించేస్తాయి. మెడ వెనక, చెవుల పైన ఉన్న కుదుళ్ళను మాత్రం దాదాపు ముట్టుకోవు. బట్టతలకీ మగ హార్మోన్లకీ ఉన్న ఈ లంకెను 1942లో అమెరికన్ శాస్త్రవేత్త జేమ్స్ హామిల్టన్ తేల్చారు. యుక్తవయసు రాకముందే వృషణాలు కోల్పోయినవారికి బట్టతల రాదనీ, వాళ్ళలో కొందరికి టెస్టోస్టెరాన్ ఇస్తే జుట్టు ఊడడం మొదలైందనీ ఆయన గమనించారు.

బట్టతల దాకా పోకపోయినా, పెద్దయిన మగవాళ్ళలో చాలామందికి కణతల దగ్గర జుట్టు కాస్త వెనక్కి జరుగుతుంది. నుదుటి అంచు ఇంగ్లీషు 'ఎం' అక్షరంలా తయారవుతుంది. ఆడవాళ్ళలో, పిల్లల్లో అది గుండ్రంగానే ఉంటుంది. తల మొత్తం మీద ప్రకృతి గీసిన తేడా గీత ఏదైనా ఉంటే, ఈ రెండు కణతల దగ్గరే. మిగతా గీతలన్నీ కత్తెర గీసినవి.

కన్ను ఎక్కడ ఆగుతుంది?

మరి జుట్టు చూసే మనం ఆడ, మగ అని పోల్చుకుంటామా? 1993లో బ్రిటన్‌లో మైక్ బర్టన్, విక్కీ బ్రూస్, నీల్ డెంచ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని పరీక్షించారు. ఫోటోలు తీసేటప్పుడు అందరి జుట్టునూ ఈత టోపీతో కప్పేశారు. మగవాళ్ళు నున్నగా గడ్డం గీసుకున్నారు. ఆడవాళ్ళు మేకప్ వేసుకోలేదు. అయినా చూసినవాళ్ళు నూటికి 96 సార్లు సరిగ్గా చెప్పారు. కనుబొమ్మకీ కంటికీ మధ్య దూరం, ముక్కు ఎత్తు, దవడ ఆకారం లాంటి చిన్న చిన్న గుర్తులన్నీ కలిసి ఆ సంగతి చెప్పేస్తున్నాయి. 2009లో రిచర్డ్ రస్సెల్ మరో గుర్తు చూపించారు. కళ్ళూ పెదవులూ చుట్టూ ఉన్న చర్మం కంటే ఎంత ముదురుగా కనిపిస్తే ఆ ముఖం అంత ఆడముఖంలా తోస్తుంది. ఆ తేడా తగ్గిస్తే అదే ముఖం మగముఖంలా తోస్తుంది. కాటుక, లిప్‌స్టిక్ చేసే పనిలో సగం ఇదే.

అంటే దగ్గర నుంచి చూసేవాళ్ళకి జుట్టు అవసరమే లేదు. జుట్టు దూరం నుంచి కనిపించే జెండా. వీధి మలుపులో, బస్టాండులో, వెనక నుంచి చూసినప్పుడు మనం జెండా చూసే మనిషిని పోల్చుకుంటాం. కూచిపూడి వాళ్ళకి ఈ రహస్యం ఎప్పుడో తెలుసు. భామాకలాపంలో సత్యభామ ముఖం చూపించక ముందే తెర మీదుగా జడ వేస్తుంది. ఆ వేషం కట్టింది తరతరాలుగా మగవాళ్ళే. వేదాంతం సత్యనారాయణ శర్మగారి సత్యభామను చూసినవాళ్ళు ఇప్పటికీ ఆ జడను తలుచుకుంటారు. తెర వెనక మనిషి ఎవరైతేనేం, బయటికి వేలాడిన జడ ఒక్కటే భామ వచ్చిందని చెప్పేస్తుంది.

ఆండ్రాజినస్ కటింగ్, అంటే ఆడా మగా అని తేల్చి చెప్పని క్రాపు, ఈ జెండాతోనే ఆడుకుంటుంది. అది ముఖాన్ని దాచదు. దాచినా లాభం లేదని ఈత టోపీ ప్రయోగం చెప్పింది. ఒక గుర్తు ఒకటంటే పక్క గుర్తు ఇంకోటి అనేలా చేస్తుంది. చెవుల పక్కన మగ క్రాపులా పొట్టిగా, నుదుటి మీద ముంగురులు మెత్తగా ఉంటే, చూసే కన్ను ఒక్క క్షణం తడబడుతుంది. మన అర్ధనారీశ్వర శిల్పంలో శిల్పి నడి నెత్తిన గీత పెడతాడు. కుడివైపు శివుడి జటలు, ఎడమవైపు అమ్మవారి కిరీటం. ఇక్కడ అలాంటి గీత ఉండకూడదు. ఎక్కడ ఒకటి ఆగి రెండోది మొదలైందో తెలియకుండా కలపడంలోనే పనితనమంతా ఉంది. మా వీధి పెద్దాయన చెదరగొట్టింది ఆ గీతల్నే.

కత్తెరలు దాటిన హద్దులు

హద్దు ఎక్కడుండాలో ఒకప్పుడు ప్రభుత్వాలు కూడా నిర్ణయించాయి. జపాన్‌లో 1871లో మగవాళ్ళు సంప్రదాయ సిగ తీసేసి క్రాపు చేయించుకోవచ్చని ఉత్తర్వు వచ్చింది. అది చూసి కొందరు ఆడవాళ్ళు కూడా కత్తిరించుకోవడంతో, ఆడవాళ్ళు జుట్టు కత్తిరించుకోకూడదని 1872లో టోక్యో పాలకులు మరో ఉత్తర్వు తెచ్చారు. ఆ దేశంలోనే 1914లో తొలి ప్రదర్శన ఇచ్చిన తకరజూకా నాటక బృందంలో నటులందరూ ఆడవాళ్ళే. మగ పాత్రలు వేసేవాళ్ళు 1930ల నుంచి నిజంగానే పొట్టి క్రాపుతో వేదికెక్కుతున్నారు. ఆ క్రాపు చూడ్డానికి వెళ్ళే అభిమానుల్లోనూ ఎక్కువమంది ఆడవాళ్ళే.

ఐరోపాలో 1920లు పొట్టి జుట్టు దశాబ్దం. 1922లో విక్టర్ మార్గరిట్ ఫ్రెంచి నవల 'లా గార్సోన్' వచ్చింది. జుట్టు కత్తిరించుకుని తనకి నచ్చినట్టు బతికే అమ్మాయి కథ అది. దాని మీద రేగిన గొడవలో రచయిత తన లీజియన్ ఆఫ్ ఆనర్ పురస్కారాన్నే పోగొట్టుకున్నాడు. ఆ దశాబ్దం మధ్యలో ఇంగ్లండులో ఆడపిల్లలు ఈటన్ అనే మగపిల్లల బడి పేరు మీద 'ఈటన్ క్రాప్' చేయించుకున్నారు. చెవులు కనిపించేలా కత్తిరించి, నూనె పూసి నున్నగా దువ్విన కటింగ్ అది. మన భాషలోకి వచ్చిన 'క్రాపు' కూడా ఆ ఇంగ్లీషు మాటే. అక్కడ అమ్మాయిల తిరుగుబాటుకి పేరైన మాట, ఇక్కడ అబ్బాయిల తలకి మాత్రమే అతుక్కుపోయింది.

1960లలో లండన్‌లో విడాల్ ససూన్ అనే కేశ శిల్పి జుట్టు కత్తిరించే పనిని రేఖాగణితం చేశాడు. అప్పటి దాకా ఆడవాళ్ళు వారం వారం సెలూన్‌కి వెళ్ళి రోలర్లు చుట్టించుకుని, స్ప్రే కొట్టించుకుని ఆకారం నిలబెట్టుకునేవారు. ససూన్ ఆకారాన్ని స్ప్రేలోంచి తీసి కత్తిరింపులోకే తెచ్చాడు. 1963లో నటి నాన్సీ క్వాన్‌కి చేసిన బాబ్, 1965లో చేసిన అయిదు మొనల కటింగ్ దీనికి పేరుపడ్డ ఉదాహరణలు. తల విదిలిస్తే చాలు, జుట్టు దానంతటదే దాని చోటికి వచ్చేస్తుంది.

1972లో గాయకుడు డేవిడ్ బోవీ ఎర్ర జుట్టు ఆడవాళ్ళ వైపు నుంచి మగవాళ్ళ వైపు హద్దు దాటింది. సూజీ ఫస్సీ అనే కేశ శిల్పి ఆడవాళ్ళ ఫ్యాషన్ పత్రికల్లోని ఫోటోలు చూసి ఆ కటింగ్ చేసింది. ముందు జుట్టు నిక్కబొడుచుకుని, వెనక జుట్టు మెడ మీదికి వాలి ఉంటుంది. ఒకే తల మీద ముందు జుట్టు ఎందుకు నిలబడింది? వెనక జుట్టు ఎందుకు వాలింది? దీనికి సమాధానం భౌతికశాస్త్రం దగ్గరుంది.

అయిదు సెంటీమీటర్ల సరిహద్దు

గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన సజ్జాను ఊహించుకోండి. ఒక వైపు గోడలో బిగిసి ఉంటుంది, రెండో వైపు గాలిలో ఉంటుంది. ఇంజనీర్లు దాన్ని కాంటిలీవర్ అంటారు. తల పక్క నుంచి బయటికి వచ్చే ప్రతి వెంట్రుకా అలాంటి సజ్జాయే. తన బరువుకి తాను వంగినప్పుడు కొస ఎంత కిందికి దిగుతుందనేది పొడవు నాలుగో ఘాతాన్ని బట్టి ఉంటుంది. పొడవు రెట్టింపు చేస్తే దిగుడు రెట్టింపు కాదు, పదహారు రెట్లు. వంపు చిన్నగా ఉన్నంతవరకు ఈ లెక్క సరిపోతుంది. అందుకే 2 సెంటీమీటర్ల వెంట్రుక బ్రష్షు కుచ్చులా నిలబడుతుంది, 4 సెంటీమీటర్లది అప్పుడే వాలడం మొదలుపెడుతుంది.

2012లో రేమండ్ గోల్డ్‌స్టీన్, పాట్రిక్ వారెన్, రాబిన్ బాల్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు పోనీటెయిల్ ఆకారానికి సమీకరణం రాశారు. మామూలు మనిషి వెంట్రుకని భూమ్యాకర్షణ వంచడానికి పట్టే పొడవు దాదాపు 5 సెంటీమీటర్లని వాళ్ళ లెక్క. జుట్టు పొడవుని ఈ పొడవుతో భాగిస్తే వచ్చే అంకెకి వాళ్ళు 'రపుంజెల్ సంఖ్య' అని పేరు పెట్టారు. కోట కిటికీలోంచి జడ కిందికి వదిలే జానపద కథ నాయిక పేరది. 25 సెంటీమీటర్ల పోనీటెయిల్‌కి రపుంజెల్ సంఖ్య 5. అదే ఏడాది ఆ ముగ్గురికీ సరదా శాస్త్రానికిచ్చే ఇగ్ నోబెల్ బహుమతి కూడా వచ్చింది.

మన పొట్టి క్రాపులన్నీ రపుంజెల్ సంఖ్య ఒకటికి అటూ ఇటూ ఊగే క్రాపులు. ఒకటి కంటే బాగా తక్కువైతే కుదురు చెప్పిన దిక్కుకే వెంట్రుక నిలబడుతుంది. ఒకటి దాటితే భూమి మాట వింటుంది. ఆ మధ్య ప్రాంతంలోనే దువ్వెన మాటా, వేలి మాటా చెల్లుతాయి.

దీనికి సాక్ష్యం తిరుమల వెళ్ళొచ్చిన ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. కల్యాణకట్టలో ఆడవాళ్ళు, మగవాళ్ళు, పిల్లలు పక్కపక్కన కూర్చుని తలనీలాలు ఇస్తారు. మొదటి రెండు మూడు నెలలూ అందరి తలా ఒకేలా రేగుపండ్ల చెట్టులా నిక్కబొడుచుకుని ఉంటుంది. నాలుగో నెల దాటి జుట్టు అయిదు సెంటీమీటర్లకి దగ్గరపడేసరికి మెల్లగా ఒరగడం మొదలవుతుంది. అప్పుడే పాపిడి తీయాలనిపిస్తుంది. అప్పుడే 'ఇది ఆడపిల్ల పాపిడి, ఇది మగపిల్లాడి పాపిడి' అన్న మాట కూడా మొదలవుతుంది.

లావు సంగతి కూడా ఉంది. వెంట్రుక మందం సగానికి తగ్గితే బరువు నాలుగో వంతు అవుతుంది. వంగకుండా నిలబడే బిగువు మాత్రం పదహారో వంతుకి పడిపోతుంది. అంటే అదే పొడవుకి నాలుగు రెట్లు ఎక్కువ వాలుతుంది. ఫోటోలోని కటింగ్ మిల్లీమీటరు తేడా లేకుండా దించినా మీ తల మీద వేరేలా ఉండడానికి పెద్ద కారణం ఇదే. ఫోటో పొడవు చూపిస్తుంది, మందం చూపించదు.

ఎక్కడ ఏం కత్తిరించాలి?

మంచి కటింగ్ చేసేవాళ్ళని అడిగితే మగ క్రాపుకీ ఆడ క్రాపుకీ మధ్య తేడా పొడవులో కంటే అంచుల్లోనే ఉందంటారు. మగ క్రాపులో మూలలు ఉంటాయి. తల పక్కలు నిటారుగా, పైభాగం చదునుగా, సైడ్‌లాక్స్ అడ్డంగా కోసినట్టు, మెడ వెనక గీత తేటగా ఉంటాయి. ఆడ క్రాపులో మూలలు గుండ్రంగా తల ఆకారాన్ని అనుసరిస్తాయి. చెవి ముందు జుట్టు సన్నటి కొసలా దిగుతుంది. మెడ మీద అంచు మెత్తగా చెదిరి ఉంటుంది. మధ్యస్థంగా ఉండాలంటే ఈ రెండు జాబితాల్లోంచి కలిపి ఏరుకోవాలి. అన్నీ ఒకే జాబితాలోంచి తీసుకుంటే మా పిల్లకి మొదటిరోజు జరిగిందే జరుగుతుంది.

పిక్సీ కటింగ్‌లో పక్కలూ వెనకా రెండు మూడు సెంటీమీటర్లు, పైన అయిదారు ఉంటాయి. ముంగురులు పొడుగ్గా వదిలితే మెత్తగా కనిపిస్తుంది. వాటిని పొట్టి చేసి చెవి ముందు అడ్డ గీత పెడితే మగ క్రాపు వైపు మొగ్గుతుంది. అండర్‌కట్‌లో పక్కల్లో మెషిన్ నడుస్తుంది, పైన పది సెంటీమీటర్ల దాకా వదులుతారు. పైజుట్టు వెనక్కి దువ్వితే ఒక మనిషి, పక్కకి వదిలేస్తే ఇంకో మనిషి. పొద్దున ఆఫీసుకి ఒకలా, సాయంత్రం ఇంకోలా కనిపించాలనుకునేవాళ్ళకి ఇంతకంటే వీలైనది లేదు. షాగ్, వుల్ఫ్ కట్ అనేవి బోవీ క్రాపుకి చుట్టాలు. నడినెత్తిన పొట్టి పొరలు, మెడ మీద పొడుగు కొసలు. రింగుల జుట్టుకి ఇవి బాగా నప్పుతాయి. ఫ్రెంచ్ క్రాప్‌లో పైజుట్టంతా ముందుకి దువ్వి నుదుటి మీద పొట్టిగా ఆపుతారు. కణతల దగ్గరి 'ఎం' ఆకారాన్ని ఇది పూర్తిగా కప్పేస్తుంది. అందుకే అబ్బాయిలు మెత్తగా కనిపించాలన్నా, నుదురు వెడల్పైన అమ్మాయిలకి తోడు కావాలన్నా ముంగురులే మొదటి మందు. 1960లో 'లవ్ ఇన్ సిమ్లా' సినిమా కోసం నటి సాధన నుదుటిని అలాగే ముంగురులతో కప్పారు. ఆ తర్వాత దేశమంతా దాన్ని 'సాధన కట్' అంది.

కత్తెర పెట్టే ముందు చూడాల్సింది ఇంకొకటుంది. సుడి. నడినెత్తి వెనక జుట్టు చక్రంలా తిరిగే చోటు. అది తల్లి కడుపులోనే ఏర్పడుతుంది. ఎక్కువమందిలో గడియారపు ముల్లు తిరిగినట్టే తిరుగుతుంది. రెండు సుడులుంటే రెండు పెళ్ళిళ్ళని పెద్దవాళ్ళు నవ్వులాటకి అంటారు. క్షౌరం చేసేవాళ్ళకి మాత్రం రెండు సుడులంటే రెండింతల పని. సుడి దగ్గర వెంట్రుకలు ఒకదానికొకటి ఎదురు దిక్కుల్లో పుడతాయి. అక్కడ జుట్టుని 2 సెంటీమీటర్లకి కోస్తే పిచ్చుక తోకలా లేస్తుంది. అయితే మెషిన్‌తో బాగా దించేయాలి, లేదంటే తన బరువుకి తాను వాలేంత పొడుగు వదలాలి. ఆ రెంటికీ మధ్య ఎక్కడ ఆగినా గొడవే.

నీళ్ళు, వేడి, వేలికొసలు

కటింగ్ ఎముక అయితే స్టైలింగ్ కండ. వెంట్రుకలో ఎక్కువ భాగం కెరటిన్ అనే ప్రొటీన్. దాని గొలుసుల మధ్య రెండు రకాల ముళ్ళుంటాయి. గంధకం కలిపే ముళ్ళు గట్టివి, పర్మింగ్ మందు పెడితే తప్ప విడవవు. హైడ్రోజన్ ముళ్ళు తేలికైనవి, నీళ్ళు తగిలితే విడిపోతాయి, ఆరితే మళ్ళీ పడతాయి. ఆరేటప్పుడు జుట్టు ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారంలోనే కొత్త ముడి పడుతుంది. తలస్నానం చేసి తడి తలతో పడుకున్నవాళ్ళ జుట్టు పొద్దున దిండు ఆకారంలో లేవడానికి కారణం ఇదే. ఆ సూత్రాన్నే మనకి పనికొచ్చేలా తిప్పుకోవచ్చు.

తువ్వాలుతో అద్ది నీళ్ళు తీసేయాలి, రుద్దకూడదు. డ్రయ్యర్ పెట్టి జుట్టుని మొదట అది పడుకునే దిక్కుకి ఎదురు, కుదుళ్ళ దగ్గర ఆరబెట్టాలి. ఎత్తు అక్కడి నుంచే వస్తుంది. సగం పైగా ఆరాక కావలసిన దిక్కుకి వేళ్ళతో దువ్వుతూ పూర్తి చేయాలి. చివర్లో చల్లగాలి. వేడిగా ఉన్నప్పుడు ముళ్ళు ఇంకా కదులుతూ ఉంటాయి, చల్లారాకే కుదురుకుంటాయి. తడి జుట్టు మీద నేరుగా ఇస్త్రీ పెట్టెలాంటి స్ట్రెయిటనర్ ఎప్పుడూ పెట్టకూడదు. వెంట్రుక లోపలి నీరు ఆవిరై బుడగలు కడుతుంది, అక్కడే జుట్టు పుటుక్కున తెగుతుంది.

ఇక డబ్బాల సంగతి. జెల్, మూస్ లాంటివి వెంట్రుకల మీద పాలిమర్ పొరగా ఆరి, పక్కపక్క వెంట్రుకల్ని అతికి పట్టుకుంటాయి. వ్యాక్స్, క్లే ఎప్పటికీ పూర్తిగా ఆరవు. అందుకే రోజంతా మళ్ళీ మళ్ళీ వేళ్ళతో సర్దుకోవచ్చు. క్లేలోని మట్టి రేణువులు నూనెను పీల్చి, వెలుతురుని చెదరగొట్టి మెరుపు తగ్గిస్తాయి. మెరుపు కూడా ఒక గుర్తే. ఈటన్ క్రాప్‌లా నున్నగా మెరిపిస్తే ఆకారం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, మెరుపు తీసేస్తే అంచులు కరిగిపోతాయి. శనగగింజంత తీసుకుని అరచేతుల్లో కరిగే దాకా రుద్ది, వెనక నుంచి ముందుకి పట్టించాలి. ముందు నుంచి మొదలుపెడితే ముంగురులకే అంతా అంటుకుని జిడ్డుగా అతుక్కుపోతాయి.

విశాఖ లాంటి సముద్రం ఊళ్ళలో ఇంకో చిక్కు ఉంది. గాలిలోని తేమే హైడ్రోజన్ ముళ్ళను విప్పేస్తుంది. చాలా జెల్‌లలో ఉండే పాలిమర్ కూడా తేమను పీల్చి మెత్తబడుతుంది. పొద్దున ఎనిమిదింటికి నిలబెట్టిన జుట్టు పదింటికి పడిపోతుంది. అలాంటి చోట నీళ్ళను దగ్గరికి రానివ్వని వ్యాక్స్ మేలు. హైదరాబాద్ చలికాలపు పొడి గాలిలో తేలికపాటి మూస్ చాలు.

మన ఇళ్ళలో కొబ్బరినూనె మాట రాకుండా జుట్టు కబురు పూర్తికాదు. నూనెల్లో కొబ్బరినూనెకి వెంట్రుక లోపలికి ఇంకే గుణం ఉందని, తలస్నానానికి ముందు రాస్తే ప్రొటీన్ నష్టం తగ్గుతుందని ముంబై పరిశోధకులు 2003లో ప్రచురించారు. కాబట్టి రాత్రి రాసి పొద్దున తలంటుకోవడం మంచిదే. తలంటుకున్నాక మళ్ళీ రాస్తే మాత్రం వెంట్రుకలన్నీ ఒకదాన్నొకటి అంటుకుని చదునుగా పడుకుంటాయి, చేసిన కటింగ్ అంతా కనపడకుండా పోతుంది.

రింగుల జుట్టువాళ్ళకి ఒక్క సలహా. అడ్డంగా కోసి చూస్తే తిన్నని వెంట్రుక దాదాపు గుండ్రంగా, రింగుల వెంట్రుక కోడిగుడ్డులా పొడవాటి గుండ్రంగా ఉంటుంది. తడిసినప్పుడు నీటి బరువుకి రింగులు సాగుతాయి, ఆరితే స్ప్రింగులా పైకి లాగుకుంటాయి. తడి మీద 6 సెంటీమీటర్లు వదిలానని అనుకుంటే ఆరాక నాలుగే కనిపించవచ్చు. పొడిగా ఉన్నప్పుడే కత్తిరించమని అడగండి.

మిల్లీమీటర్లలో అడగండి

"మధ్యలో అంటే?" అని ఆ కుర్రాడు అడిగిన ప్రశ్న న్యాయమైనదే. ఇప్పుడు మా పిల్ల దగ్గర జవాబుంది. మెషిన్ మీద పెట్టే దువ్వెనలకి అంకెలుంటాయి. ఒకటి అంటే 3 మిల్లీమీటర్లు, రెండంటే 6, నాలుగంటే దాదాపు 13. "పక్కల్లో నాలుగో నంబరు, పైన అయిదారు సెంటీమీటర్లు, చెవి ముందు గీత పెట్టొద్దు, మెడ మీద రేజరు వద్దు, సుడి దగ్గర వదిలేయండి" అంటే చాలు. ఆ మాటల్లో ఎక్కడా ఆడా లేదు, మగా లేదు. వినేవాడికి ఏ అనుమానమూ ఉండదు.

నిర్వహణ లెక్క కూడా ముందే వేసుకోవాలి. 6 మిల్లీమీటర్ల పక్క జుట్టు నెల తిరిగేసరికి 16 దాటుతుంది, అంటే రెండున్నర రెట్లకి పైమాటే. పైన 10 సెంటీమీటర్లున్నది 11 అవుతుంది, పదో వంతు మాత్రమే. అందుకని పొట్టి పక్కలు మూడు నాలుగు వారాలకే ఆకారం తప్పుతాయి, పైజుట్టు రెండు నెలలు ఆగగలదు. ప్రతిసారీ మొత్తం కటింగ్ చేయించుకోనక్కర్లేదు, అంచులు సవరిస్తే చాలు.

ఆ సవరింపుకి ధర ఎంత అన్నది మరో ముడి. చాలా సెలూన్లలో కంప్యూటర్ బిల్లులో రెండే గడులుంటాయి, జెంట్స్ ఒక ధర, లేడీస్ రెండింతల ధర. ఒకే సేవకి ఆడ, మగ అని వేరు ధరలు పెట్టకూడదని కాలిఫోర్నియా 1995లోనే చట్టం చేసింది. పట్టిన సమయం, పని కష్టం లాంటివాటిని బట్టి మాత్రమే తేడా ఉండొచ్చు. 1998లో న్యూయార్క్ నగరం కూడా అలాంటి నిబంధనే తెచ్చింది.

మా వీధి పెద్దాయన దుకాణంలో కంప్యూటర్ లేదు. గోడ మీద సున్నంతో రాసిన ధరల పట్టీలో కటింగ్, షేవింగ్, గుండు అని మూడే వరసలున్నాయి. ఆరోజు పని అయ్యాక మా పిల్ల ఆ పట్టీ చూసి, తన వరస కనపడక, "నేనెంత ఇవ్వాలి తాతగారూ?" అని అడిగింది.

ఆయన భుజం మీది తువ్వాలు దులిపి, కింద పడిన చిటికెడు జుట్టు వంక చూశాడు. "క్రాపుకి ఎంతో అంతేనమ్మా" అన్నాడు.